విశ్వనాథం గారి ప్రస్థానం

దయ్యాలున్నాయని నేనెప్పుడూ అనుకోలేదు. ఏడో తరగతిలో బడి మానేసినవాణ్ణి, నాకేదో సైన్సు తెలుసని కాదు. పదహారేళ్ల వయసు నుంచి వంటలు చేస్తున్నాను. ఊరి బయట ఫంక్షన్ హాళ్లలో వండాను, పాడుబడ్డ గోదాముల్లో వండాను, ఒకసారి శ్మశానం గోడ పక్కనే గాడిపొయ్యి తవ్వించి మూడొందల మందికి వండాను. ఎవరూ గోడ దూకి వచ్చి ఇంకో గరిటె సాంబారు అడగలేదు. అడిగితే పోసేవాణ్ణే.

ఇందులో కూడా భయపెట్టేవాళ్లు లేరు. ఒక పెద్దాయన, ఆయన భార్య, చెప్పిన టైముకు ఎప్పుడూ ఎగరని ఒక విమానం, మధ్యలో నా నోటిదురద. అంతే. జరిగింది జరిగినట్టు రాస్తున్నాను. టైములు కూడా రాస్తున్నాను, ఎందుకంటే చిక్కంతా అక్కడే ఉంది.

నా పేరు యాదగిరి. చిక్కడపల్లి గల్లీలో రెండు గదులు కిరాయికి తీసుకుని ఉంటాను. ముహూర్తాలుంటే పెళ్లి వంటలు, లేనప్పుడు బర్కత్‌పురలో టూర్ల ఆఫీసు నడిపే శ్రీధర్‌తో పని. మనవాళ్లు గుంపుగా విదేశాలకు వెళ్లేటప్పుడు వంటవాణ్ణి కూడా వెంట తీసుకెళ్తారు. సముద్రం చూడాలి, గుళ్లు చూడాలి, మధ్యాహ్నం ఒంటిగంటకు మాత్రం పప్పూ చారూ పెరుగూ కావాలి. అందుకని ఒక పెట్టెలో కరెంటు పొయ్యి, కుక్కర్లు. ఇంకో పెట్టెలో కందిపప్పు, పొడులు, పచ్చళ్లు. నా బట్టలు ఆ పప్పు సంచుల సందుల్లో కుక్కుకుంటాను. ఏ దేశంలో దిగినా నా చొక్కా ఇంగువ వాసనే వేస్తుంది.

ఆసారి అశోక్ నగర్‌లోని ఒక అపార్ట్‌మెంట్ నుంచి పద్నాలుగు మంది వియత్నాం బయలుదేరారు. అందరూ రిటైరైనవాళ్లే. వాళ్లలో విశ్వనాథం గారు ఒకరు. డెబ్బై నాలుగేళ్లు. ఆంధ్రప్రదేశ్ ఏర్పడ్డ కొత్తలో గుంటూరు వైపు నుంచి వచ్చి స్థిరపడిన కుటుంబం. ఆయన సర్కారు ఆఫీసులో డ్రాఫ్ట్స్‌మన్‌గా కాలువల మ్యాపులు గీసి రిటైరయ్యారు. అక్షరాలు అచ్చు గుద్దినట్టుండేవి. నా టూరు సామాన్ల జాబితాలన్నీ ఆయనే రాసిచ్చేవారు. కింద సంతకం పెట్టి, పేరు చివర సున్నా లోపల ఒక చిన్న చుక్క పెట్టేవారు. వృత్తం గీస్తే మధ్య బిందువు పెట్టడం ఉద్యోగంలో పట్టుకున్న అలవాటు. అది తెలుగు సున్నాకు కూడా అంటించారు.

రెండేళ్ల కింద ఆయన గుండెకు స్టెంట్లు వేశారు. డాక్టరు వెళ్లొచ్చన్నారు. ఆయన భార్య కామేశ్వరమ్మ గారికి మాత్రం ధైర్యం లేదు. భర్తను తీసుకెళ్లి క్షేమంగా తిరిగి ఇంట్లో కూర్చోబెట్టాలి, ఆమెకు అదొక్కటే కావాలి. పంచాంగం చూస్తే బయలుదేరడానికి బుధవారం పొద్దున బాగుంది, శుక్రవారం బాగాలేదు. విమానం శుక్రవారం.

అందుకని ప్రస్థానం పెట్టారు. ఈ పద్ధతి ఇప్పుడు చాలామందికి తెలియదు, నాకూ అప్పటిదాకా తెలియదు. మంచి ఘడియ ఒక రోజు, ప్రయాణం ఇంకో రోజు అయితే, ఆ మంచి ఘడియలో ప్రయాణం చేసే మనిషి వస్తువు ఒకటి ఇల్లు దాటించి వేరేవాళ్ల ఇంట్లో పెడతారు. దాంతో మనిషి బయలుదేరినట్టే లెక్క. అసలు ప్రయాణం రోజున దారిలో ఆ వస్తువు తీసుకుని వెళ్లిపోవాలి. మధ్యలో దాన్ని తిరిగి ఇంటికి తేకూడదు.

నా ఇల్లు వాళ్లకు తూర్పున ఉంది, వియత్నాం కూడా తూర్పునే. ఆ విధంగా నా వంటిల్లు ఎంపికైంది. బుధవారం పొద్దున విశ్వనాథం గారి మీగడ రంగు, మెరూన్ అంచు కండువాను నాలుగు మూలలా పసుపు పెట్టి, లోపల ఒక వక్క వేసి, మడిచి నాకిచ్చారు.

“సారూ, మీరు పోయినట్టేనా ఇగ? ఇంట్ల కనబడుతున్నది ఎవరు మరి?” అన్నాను.

“నేను పోయానోయ్. ఇక్కడున్నది లగేజీ,” అన్నారాయన. నవ్వాం.

కండువా తెచ్చి పప్పు డబ్బాల పై అరలో పెట్టాను.

గురువారం మధ్యాహ్నం విమానం కంపెనీ నుంచి మెసేజ్. శుక్రవారం విమానం రద్దు, ఆదివారం పంపిస్తామని. శనివారం ఇంకో మెసేజ్. ఆదివారంది కూడా రద్దు, కొత్త తేదీ తర్వాత చెప్తామని. ఆ కంపెనీ పేరు రాయను. వాళ్ల ఫోన్లో పాట మాత్రం నాకు ఇప్పటికీ కంఠతా వచ్చు. మనిషి గొంతు ఎప్పుడూ వినలేదు కాబట్టి, పాటే కంపెనీ అనుకున్నాను.

“యాదన్నా, వీళ్లు విమానం నడుపుతున్నరా, మనల్ని ఆడిస్తున్నరా?” అన్నాడు శ్రీధర్.

“నారాయణగూడ షేర్ ఆటో నయమన్నా. అది నిండితే కదులుతది. ఇది నిండినా కదలదు,” అన్నాను.

సోమవారం నాటికి టూరు పోయినట్టేనని అందరం అనుకున్నాం. నేను కూరగాయలకు బయలుదేరుతూ అరలో ఉన్న కండువా చూశాను. నా బుద్ధి అక్కడ గడ్డి తింది. ఎవర్నీ అడగకుండా దాన్ని తీసుకుని అశోక్ నగర్ వెళ్లి తలుపు కొట్టి, “సార్, మీ ప్రస్థానం రిటర్న్ ఫ్లైట్‌ల వచ్చింది. ఇమ్మిగ్రేషన్ అయింది, సంతకం పెట్టి తీసుకోండ్రి,” అన్నాను.

కామేశ్వరమ్మ గారు హాల్లో కూర్చుని గోరుచిక్కుడు తుంచుతున్నారు. ఆమె చెయ్యి ఆగిపోయింది.

“అయ్యో, అదేం పని నాయనా! వెనక్కి తెచ్చేశావా?”

విశ్వనాథం గారు లేచి వచ్చారు. “పాపం, దేశం తిరిగొచ్చింది. చాక్లెట్లేమైనా తెచ్చిందా?” అని కండువా నా చేతిలోంచి తీసుకుని భుజాన వేసుకున్నారు. వాళ్ల గోడ గడియారం పదిన్నర చూపిస్తోంది. కూరగాయలకు ఆలస్యమైందని చూసుకున్నాను కాబట్టి గుర్తు.

అదే రోజు సాయంత్రం మెసేజ్ వచ్చింది. మంగళవారం పొద్దున విమానం, ఐదింటికల్లా ఎయిర్‌పోర్టులో ఉండాలని. కామేశ్వరమ్మ గారు వద్దన్నారు. మళ్లీ ప్రస్థానం పెట్టే వ్యవధి కూడా లేదు. ఆయన వినలేదు. “ఇన్నిసార్లు ఆగింది చాలు,” అన్నారు.

ఈసారి విమానం ఎగిరింది. దనాంగ్ అనే సముద్రపు ఊరు చేరి, మూడింటికి హోటల్లో దిగాం. రిసెప్షన్ దగ్గరున్న అమ్మాయి అందరికీ తల వంచి దణ్ణం పెడుతూ, విశ్వనాథం గారి దగ్గర ఆగి, బాగా తెలిసినవాళ్లను చూసినట్టు నవ్వింది. వచ్చీ రాని ఇంగ్లీషులో ఏదో అంది. టూరు నడుపుతూ మాతోనే వచ్చిన శ్రీధర్ నాకు చెప్పాడు: “సారును మళ్లొచ్చిన్రా అంటుంది.”

ఎవర్ని చూసి ఎవరనుకుందోలే అనుకున్నాం. ఆమె ఒప్పుకోలేదు. ఈ పెద్దాయన శుక్రవారం మధ్యాహ్నం మూడింటికి వచ్చారంది. చేతిలో సంచి లేదు. మా గుంపు వచ్చిందా అని అడిగారు. రాలేదంటే, వాకిలి కనబడే కుర్చీలో కూర్చున్నారు. శుక్ర, శని, ఆది, సోమ. పగలంతా అదే కుర్చీ. మంచినీళ్లు ఇస్తే పక్కన పెట్టారు తప్ప తాగలేదు. రాత్రి ఎక్కడ ఉండేవారో ఆమెకు తెలియదు, రాత్రి డ్యూటీ వాళ్లెవరూ ఆయన్ని చూడలేదు. భుజం మీద మీగడ రంగు గుడ్డ, ఇదిగో ఈ రంగు అంచు, అంటూ ఆ అమ్మాయి అక్కడున్న పూలకుండీలో మెరూన్ ఆకు పట్టుకుని చూపించింది. కండువా అప్పుడు ఆయన ఒంటి మీద లేదు. పెట్టె అడుగున ఉంది.

శుక్రవారం మూడింటికి. శ్రీధర్ మొదట అచ్చేసి పంచిన కాగితంలో హోటలు చేరే టైము అదే.

ఆ హోటల్లో గది తీసుకోనివాళ్లు పుస్తకంలో పేరు రాయాలి. ఆమె ఆ పుస్తకం తెచ్చి తిప్పింది. అన్నీ వాళ్ల అక్షరాలు, ఇంగ్లీషు అక్షరాలు. వాటి మధ్య ఒక్క వరస తెలుగు. విశ్వనాథం. అచ్చు గుద్దినట్టు. సున్నా లోపల చుక్క.

శ్రీధర్ కెమెరా చూపించమని గొడవపెట్టుకున్నాడు. చూపించారు. కెమెరా కౌంటరు లోపలివైపే చూపిస్తుంది, ఆ కుర్చీ అందులో పడదు. శుక్రవారం మూడు దాటిన కాసేపటికి ఆ అమ్మాయి పుస్తకం అవతలికి తిప్పి, పెన్ను అందించి, ఎదురుగా ఎవరో ఉన్నట్టు చూస్తూ నిలబడి, మళ్లీ పుస్తకం ఇవతలికి తిప్పుకుంది. అవతలి మనిషి నిలబడే చోటు బొమ్మ బయట ఉంది. నేను మూడుసార్లు చూశాను. ఏదో గుడ్డ కొస కనిపించిందని శ్రీధర్ అంటాడు. నాకైతే కనిపించలేదు.

“మరి ఎప్పుడు పోయిండంట?” అని అడిగించాను.

సోమవారం మధ్యాహ్నం సరిగ్గా పన్నెండింటికి, ఆమె భోజనానికి లేచే వేళ. ఆయన కూర్చున్నవారు కూర్చున్నట్టే, వెనక నుంచి ఎవరో కేకేసినట్టు తల తిప్పారట. ఇంటికి పిలుస్తున్నారు అని ఇంగ్లీషులో అని, లేచి వెళ్లిపోయారట.

వాళ్ల గడియారం మనకంటే గంటన్నర ముందు. ఏ టైముకు ఎసరు పెట్టాలో చూసుకోవాలి కాబట్టి అక్కడ దిగగానే నేను నేర్చుకునే మొదటి లెక్క అదే. వాళ్ల పన్నెండు, మన పదిన్నర. మీకు అర్థమైంది. నాకూ అప్పుడే అర్థమైంది. ఆ రోజు చారులో ఉప్పు వేయడం మరిచిపోయాను. ఇరవై ఏళ్లలో అదే మొదటిసారి.

విశ్వనాథం గారు ఆ పుస్తకాన్ని చాలాసేపు చూశారు. “నా సంతకమే,” అన్నారు. ఏ కుర్చీ అని అడిగి, వెళ్లి అందులో కూర్చున్నారు. ఆ తర్వాత ఆయన మళ్లీ మాలో కలవలేదు.

జబ్బేమీ లేదు. డాక్టరును పిలిపించాం, ఆయన అన్నీ చూసి బాగానే ఉన్నాయన్నాడు. మనిషి మాత్రం రోజురోజుకీ తరిగిపోతున్నారు. బస్సు ఎక్కరు. నేను కలిపిచ్చిన పెరుగన్నం రెండు ముద్దలు తిని పక్కన పెడతారు. గురువారం నేను పళ్లెం తీయబోతుంటే నా చెయ్యి పట్టుకున్నారు.

“ఏవోయ్ యాదగిరీ, ఇంటికి పోయినవాణ్ణి మళ్లీ ఎందుకు పట్టుకొచ్చారు?”

కోపం లేదు. దారి అడిగినట్టు అడిగారు. ఎవరేమన్నా తిరిగి ఒక మాట విసరడం నాకు పుట్టుకతో వచ్చింది. ఆ రోజు పళ్లెం తీసుకుని గిన్నెలు తోమడానికి వెళ్లిపోయాను.

ఇక కామేశ్వరమ్మ గారికి ఒకటే పని. ఆయన్ని ఇంటికి చేర్చాలి. ముందుగా ఏదైనా విమానంలో ఇద్దర్నీ పంపమని శ్రీధర్ మూడు రోజులు కంపెనీతో పోరాడాడు. ఫోన్లో అదే పాట. ఆదివారం అందరికీ తిరుగు విమానం ఉందిగా, ఆగండి అన్నారు. శనివారం సాయంత్రం నేను ఉల్లిపాయలు కోస్తుంటే మెసేజ్ వచ్చింది. ఆదివారం విమానం రద్దు. సోమవారం ఒంటిగంటకు.

ఆమె నా దగ్గరకు వచ్చి గుమ్మంలో నిలబడ్డారు. తిడతారనుకున్నాను. తిట్టినా బాగుండేది.

“సోమవారం మంచిది కాదు నాయనా. రేపు తొమ్మిదింటికి బాగుంది. అప్పుడు సగంలో తెచ్చేశావు. ఈసారి సరిగ్గా పెట్టు. ఆయన ఇంటికి బయలుదేరాలి.”

నమ్మని మనిషిని, నమ్మినవాళ్ల కంటే శ్రద్ధగా చేశాను. ఇల్లు పడమర కాబట్టి పడమటి దిక్కునే వెతికాను. ఆ వీధిలో నేను రోజూ కొత్తిమీర, పచ్చిమిర్చి కొనే ఒక ముసలామె ఉంది. దుకాణం వెనకే ఇల్లు. ఆదివారం సరిగ్గా తొమ్మిదింటికి కండువా తీసుకెళ్లి, చేతులతో సైగ చేసి చెప్పాను: రేపటిదాకా ఉంచు, ఎవరికీ ఇవ్వకు. ఆమె ఏమనుకుందో, చనిపోయిన వాళ్ల పెద్దల ఫొటోల దగ్గర పెట్టి అగరువత్తి వెలిగించింది. వద్దనడానికి నాకు వాళ్ల భాష రాదు.

సోమవారం దారిలో బస్సు ఆపించి, కండువా తీసుకుని, వెనక్కి చూడకుండా ఎక్కి ఆయన భుజాన వేశాను. ఆయన దాని కొస పట్టుకున్నారు. ముఖం తేటపడింది. “హమ్మయ్య,” అన్నారు. అదే నేను విన్న చివరి మాట.

ఎయిర్‌పోర్టులో బోర్డు మీద ఒంటిగంట కాస్తా నాలుగైంది. నాలుగు ఆరైంది. ఆరు పోయి, తర్వాత చెప్తామని వచ్చింది. కౌంటరు దగ్గర కంపెనీ మనిషి ఒక్కడు, నవ్వుతూ అందరికీ నీళ్ల సీసాలు ఇస్తున్నాడు. శ్రీధర్ అతని మీద అరిచి అరిచి గొంతు పోగొట్టుకున్నాడు. విశ్వనాథం గారు నాలుగు నుంచి చక్రాల కుర్చీలో నిద్రపోతున్నారు. గడ్డం ఛాతీ మీదికి వాలింది. కామేశ్వరమ్మ గారు పక్కనే కూర్చుని ఉన్నారు. నిద్రపోనిద్దాం, ఎన్ని రోజులైందో నిద్రపోయి అన్నారు.

ఏడున్నరకు ఆమె ఫోను మోగింది. చెవులు సరిగా వినపడవు కాబట్టి ఆమె ఎప్పుడూ స్పీకరు పెట్టే మాట్లాడతారు. అందుకే నేనూ విన్నాను, శ్రీధరూ విన్నాడు. వాళ్ల అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ మైసయ్య.

“అమ్మా, నమస్తే. సారు ఒక్కడే వచ్చిండు, మీరేడున్నరు? పెట్టెలుంటే చెప్పుండ్రి, గేటు కాడికొస్త.”

“ఎవరొచ్చారు మైసయ్యా?”

“మన సారే అమ్మా. తాళంచెవి అడిగిండు, ఇచ్చిన. లిఫ్టు నడుస్తున్నది సారూ అంటే, వద్దని మెట్లెక్కి పోయిండు. అమ్మేది అని అడిగిన. విమానం లేటైంది, ఎనక వస్తదన్నడు.”

మొక్కలకు నీళ్లు పోయడానికి తాళంచెవి మైసయ్య దగ్గర ఉంచి వచ్చారు. అప్పుడు మన టైము ఆరు. ఒంటిగంట విమానం ఒంటిగంటకే ఎగిరి ఉంటే, అశోక్ నగర్‌లో ఇల్లు చేరే వేళ సరిగ్గా అదే.

కామేశ్వరమ్మ గారు ఫోను ఒళ్లో పెట్టుకుని, పక్కకు తిరిగి ఆయన చేతి మీద చెయ్యి వేశారు. చెయ్యి తీయలేదు. కాసేపటికి శ్రీధర్ వంగి చూసి, డాక్టరు కోసం పరిగెత్తాడు.

గుండె ఆగిందని రాశారు. నిద్రలోనే, గంటా రెండు గంటల కిందట ఎప్పుడో, ఇంతకంటే కచ్చితంగా చెప్పలేమన్నారు. ఆయన శరీరం ఇంటికి చేరడానికి ఇంకో నాలుగు రోజులు పట్టింది. ఆ కంపెనీ ఆయన్ని అప్పుడు కూడా లేటుగానే తెచ్చింది.

ఆ సాయంత్రమే శ్రీధర్ ఫోన్ చేసి మైసయ్యను పైకి పంపాడు. తలుపు తీసే ఉంది. తాళంచెవి తాళానికి వేలాడుతోంది. హాల్లో ఫ్యాను తిరుగుతోంది. లోపల ఎవరూ లేరు. ఒక్క వస్తువు పోలేదు. అపార్ట్‌మెంట్‌లో కెమెరా లేదా అంటారు. ఉంది. ఆరు నెలలుగా అది అలంకారం.

నేను అన్ని రకాలుగానూ ఆలోచించాను. హోటలుకు వచ్చింది ఇంకో విశ్వనాథం కావచ్చు, మనవాళ్లు ఎక్కడ లేరు. ఆ పేరున్న ఇంకొకాయన సున్నాలో చుక్క పెట్టేవాడూ కావచ్చు. మైసయ్య తాగి ఉండొచ్చు, కానీ వాడు చుక్క ముట్టడు. ఒక్కొక్కటి విడిగా ఒప్పుకోగలను. అన్నీ కలిపి మింగడం నా వల్ల కాదు. అలాగని దయ్యమని కూడా అనలేను. బతికున్న మనిషి ముందే వెళ్లి మన కోసం కూర్చుంటే దాన్నేమంటారో నాకు తెలియదు.

పదమూడు రోజులు అయ్యాక కామేశ్వరమ్మ గారు నన్ను రమ్మన్నారు. మైసయ్యను కూడా పైకి పిలిచి ఎదురుగా కూర్చోబెట్టారు. ఆ రోజు సంగతి మళ్లీ చెప్పించుకున్నారు. అప్పటికే చాలాసార్లు విన్నారని మైసయ్య ముఖం చూస్తేనే తెలుస్తోంది.

“మెట్లెక్కేటప్పుడు ఆయాసపడ్డారా?”

“లేదమ్మా. మూడంతస్తులు. ఏడా ఆగలేదు.”

స్టెంట్లు వేసిన తర్వాత ఆయన ఆరు మెట్లు ఎక్కితే నిలబడిపోయేవారు. ఆమె తల ఊపి నావైపు తిరిగారు.

“చూశావా నాయనా. ఆయన్ని చక్కగా ఇంటికి చేర్చావు. నీ రుణం ఎలా తీర్చుకోను?”

ఆ ఆదివారం నేను కండువా పెట్టకపోతే ఆయన ఆ చక్రాల కుర్చీలోనే నిద్రలేచి, చివరికి రాత్రి ఎగిరిన విమానంలో మాతోపాటు వచ్చేవారేమో. లేకపోతే అక్కడే, ఇల్లు చేరకుండానే పోయేవారేమో. ఎవర్ని అడగాలి? నేను ఆయన్ని చేర్చానో, పంపించేశానో నాకు ఇప్పటికీ తెలియదు.

ఆమె మాత్రం లేచి నాకు రెండు చేతులూ జోడించబోయారు. పెద్దావిడ. ఆ చేతులు పట్టుకుని ఆపాను. “వద్దమ్మా,” అన్నాను.